సమాంతరంగా కలిపితే నిరోధం తగ్గుతుందంటే మా పిల్లలు ఒప్పుకోవట్లేదు, ఎలా చెప్పాలి?

పలకా_బలపం:
అందరికీ నమస్తే. నేను జడ్పీ హైస్కూల్లో పదో తరగతికి ఫిజికల్ సైన్స్ చెప్తాను, తెలుగు మీడియం. శ్రేణి సంధానం వరకు ఏ ఇబ్బందీ లేదండీ, సమాంతర సంధానం దగ్గరే ఆగిపోతున్నాం. 1/R ఫార్ములా బట్టీ పట్టేస్తారు, లెక్క కూడా చేసేస్తారు, కానీ నిన్న ఒక పాప లేచి "మేడమ్, నిరోధం అంటే అడ్డు అన్నారు కదా, ఇంకో అడ్డు పెడితే అడ్డు పెరగాలి గానీ ఎలా తగ్గుతుంది" అంది. పైపులో నీళ్ళతో పోల్చి చెప్తే వెనక బెంచీ నుంచి "అయితే వైరు కోస్తే కరెంటు కారిపోవాలి కదా మేడమ్" అని ఇంకొకడు. వాళ్ళు అడిగింది తప్పు ప్రశ్న కాదు, నా దగ్గరే సరైన జవాబు లేదు. ల్యాబ్ లో ఒక మల్టీమీటరు, కొన్ని రెసిస్టర్లు, 9 వోల్టుల బ్యాటరీలు ఉన్నాయి. ఎవరైనా క్లాసులో చేసి చూసినవి ఉంటే చెప్పండి ప్లీజ్.

చెరువుగట్టు:
మేడమ్, నేను పద్దెనిమిదేళ్ళుగా ఇదే పాఠం చెప్తున్నా. పైపు కంటే చెరువు తూము పోలిక పల్లెటూరి పిల్లలకి బాగా ఎక్కుతుంది. కట్టకి ఒకే తూముంటే నీళ్ళు ఇబ్బందిగానే వస్తాయి, పక్కన ఇంకో తూము పెట్టాం అనుకోండి, అదీ ఇరుకే, కానీ మొత్తం మీద పొలాల్లోకి వచ్చే నీళ్ళు పెరిగాయి కదా. రెండో రెసిస్టర్ అడ్డే గానీ అది కొత్త దారి కూడా, ఈ ముక్క ముందు గట్టిగా చెప్పాలి. తర్వాత మీటరుతో చూపించండి. 100 ఓమ్‌లవి రెండు, ముందు ఒకటి, తర్వాత వరసగా, తర్వాత పక్కపక్కన. కానీ ఒక్కటి, మీటరు పెట్టే ముందే ఎంత వస్తుందో పిల్లలతో చెప్పించి బోర్డు మీద రాయించండి. అంకె తప్పిన పిల్లాడే ఎక్కువ గుర్తుపెట్టుకుంటాడు. అక్కడే బ్యాటరీ పెట్టి కరెంటు కూడా కొలిపించండి.

సోల్డరింగ్_షాపు:
పై మాస్టారు చెప్పింది బాగుంది, కానీ బ్యాటరీ పెట్టేట్టయితే 100 ఓమ్‌లు వద్దు సార్. 9 వోల్టులకి 100 ఓమ్‌లు పెడితే 90 మిల్లీ ఆంపియర్లు, అంటే 0.81 వాట్లు, మామూలుగా దొరికేది పావు వాటు రెసిస్టర్, పిల్లల చేతిలో కాలిపోద్ది. 1 కిలో ఓమ్ వాడండి, దాని మీద రంగు పట్టీలు బ్రౌన్ బ్లాక్ రెడ్. ఒకటి పెడితే 9 మిల్లీ ఆంపియర్లు, వరసగా రెండు పెడితే నాలుగున్నర, పక్కపక్కన పెడితే 18, బ్యాటరీని బట్టి కొంచెం అటూ ఇటూ. వరసగా పెట్టినప్పుడు మీటరుని మొదటి రెసిస్టర్ కి ముందు, రెండిటి మధ్యలో, చివర మూడు చోట్లా పెట్టించండి, మూడు చోట్లా ఒకటే వస్తది. మొదటి రెసిస్టర్ కరెంటు కొంత తినేసి మిగిలింది రెండో దానికి ఇస్తది అని చాలామంది అనుకుంటారు, డిప్లొమా అయ్యేదాకా నేనూ అదే అనుకున్నా.

ఇంకోటి, ఇది తప్పకుండా చేయించండి మేడమ్. 1 మెగా ఓమ్ రెసిస్టర్ (బ్రౌన్ బ్లాక్ గ్రీన్) ఒకటి తీసుకుని మీటరుని 2000కే (అంటే 2000 కిలో ఓమ్‌ల) రేంజిలో పెట్టి, టేబుల్ మీద ఉంచి కొలిస్తే 1000 దగ్గర చూపిస్తది. ఇప్పుడు రెండు కొసల్నీ రెండు చేతుల వేళ్ళతో గట్టిగా పట్టుకుని కొలవమనండి, అంకె పడిపోద్ది, ఎంత అనేది పిల్లాడి చేతిని బట్టి. వాడి ఒళ్ళే రెండో రెసిస్టర్, సమాంతరంగా కలిసింది. 1 కిలో ఓమ్ దానితో చేస్తే ఏమీ మారదు, ఎందుకో వాళ్ళనే చెప్పమనండి. బ్యాటరీ గానీ ప్లగ్గు గానీ దగ్గర ఉండకూడదు, ఉత్త రెసిస్టరూ మీటరూ అంతే.

డ్రాయింగు_పెన్సిల్:
మా స్కూల్లో అయితే రెసిస్టర్లే లేవు, 6బి పెన్సిల్ తో కాగితం మీద ఒక జానెడు గీత దిట్టంగా గీయించి మీటరు కొసలు ఆనిస్తాం. సగం పొడవు దగ్గర పెడితే దాదాపు సగం వస్తుంది. తర్వాత అదే గీతని వెడల్పు చేయమంటాం, తగ్గుతుంది. వెడల్పు గీతంటే రెండు సన్న గీతలు ఆనుకుని ఉన్నట్టే కదా, ఇక సమాంతరం గురించి వేరే చెప్పక్కర్లేదు, పిల్లలే అనేస్తారు. హెచ్‌బి పెన్సిల్ తో సరిగ్గా రాదు, అందులో మట్టి ఎక్కువ.

పలకా_బలపం:
అందరికీ చాలా చాలా థాంక్స్ అండీ!! ఇవాళ రెండు పీరియడ్లు కలిపి తీసుకుని చేయించాను. వేళ్ళతో పట్టుకునే ప్రయోగం దగ్గర క్లాసు ఆగలేదు, చేతులు తడుపుకుని వచ్చి మరీ పట్టుకున్నారు, ఇంకా తగ్గింది. ప్రశ్న అడిగిన పాపే చివర్లో "అయితే ఇంట్లో ఇస్త్రీ పెట్టె, గీజరు ఒకేసారి వేస్తే అందుకేనా మేడమ్ ఫ్యూజు పోయేది" అంది, నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. 1000 వాట్లది, 2000 వాట్లది కలిపితే 230 వోల్టుల మీద 13 ఆంపియర్లు అని అప్పటికప్పుడు లెక్క కట్టించాను.

ఒక్క సందేహం మిగిలింది. ఓమ్ నియమానికి టార్చి బల్బు పెడితే V/I స్థిరంగా రాలేదు, వోల్టేజి పెంచేకొద్దీ పెరుగుతోంది.

సోల్డరింగ్_షాపు:
మీ కొలతలో తప్పు లేదు మేడమ్, ఫిలమెంటు వేడెక్కేకొద్దీ నిరోధం పెరుగుతది. 60 వాట్ల పాత బల్బు వెలిగేటప్పుడు 880 ఓమ్‌ల పైమాటే, ఆర్పేసి చల్లారాక హోల్డర్ లోంచి తీసి మీటరుతో చూడండి, అందులో పదో వంతు కూడా ఉండదు. ఓమ్ నియమానికి నిక్రోమ్ వైరు పెట్టండి, వేడికి దాని నిరోధం పెద్దగా మారదు, బల్బుని మర్నాటి క్లాసుకి ఉంచుకోండి.