200 సెన్సర్లకు టీసీపీ సర్వర్: ఎస్‌బీసీఎల్ వాడాలా, రాకెట్ వాడాలా?

చిత్తూరు దగ్గర మామిడి గుజ్జు ఉంచే కోల్డ్ రూముల నుంచి 200 సెన్సర్లు 10 సెకన్లకోసారి టీసీపీ (నెట్‌వర్క్ కనెక్షన్ పద్ధతి) మీద ఒక్కో లైను పంపుతాయి. అందుకునే సర్వర్ తిరుపతిలో, 2 జీబీ ర్యామ్ ఉన్న రాస్ప్‌బెర్రీ పై 4 (చిన్న కంప్యూటర్ బోర్డు) మీద, 64 బిట్ లినక్స్‌లో. లిస్ప్ ప్రోగ్రామింగ్ భాషల కుటుంబంలోనే రాయాలి: ఎస్‌బీసీఎల్ (కామన్ లిస్ప్ కంపైలర్) గానీ, రాకెట్ (అదే కుటుంబంలోని మరో భాష) గానీ.

అసలు చిక్కు సగం చచ్చిన కనెక్షన్లతో. అవతల కరెంటు పోతే ముగింపు ప్యాకెట్ రాదు, సర్వర్ సాకెట్ (కనెక్షన్‌కు ఇవతలి కొస) తెరిచే ఉంటుంది, రీడ్-లైన్ (ఒక లైను చదివే ఫంక్షన్) కదలదు. కీప్‌అలైవ్ (అవతలివైపు ఉందా అని అడిగి చూసే సదుపాయం) పెట్టినా, మొదటిసారి అడిగేముందు లినక్స్ డిఫాల్ట్‌గా ఆగేది 7200 సెకన్లు. రెండు గంటల్లో గది వేడెక్కిపోతుంది! అందుకే 30 సెకన్ల టైమౌట్ తప్పనిసరి.

రాకెట్‌లో సింక్/టైమౌట్ ఫంక్షన్‌కి 30, రీడ్-లైన్-ఈవీటీ (లైను రాకను సూచించే ఈవెంట్) ఇస్తే చాలు, పూర్తి లైను వచ్చేదాకా అదే చూసుకుంటుంది. టీఎల్‌ఎస్ (కనెక్షన్ ఎన్‌క్రిప్షన్) కూడా వెంటే వస్తుంది. మామూలు థ్రెడ్లన్నీ (ఒకేసారి సాగే పనులు) ఒకే కోర్ మీద నడుస్తాయి గానీ, సెకనుకు 20 లైన్లకు అదేం భారం కాదు.

ఎస్‌బీసీఎల్ మీదే మనసు ఎక్కువ: నిజమైన ఓఎస్ థ్రెడ్లు, సర్వర్ ఆపకుండానే ఫంక్షన్ మార్చుకోవచ్చు. అయితే యూసాకెట్ అనే సాకెట్ లైబ్రరీలోని వెయిట్-ఫర్-ఇన్‌పుట్ సగం లైను వచ్చినా "సిద్ధం" అంటుంది, ఆ తర్వాత రీడ్-లైన్ మళ్లీ ఇరుక్కుంటుంది. సాకెట్‌ను చదవగలిగే స్ట్రీమ్‌గా మార్చే సాకెట్-మేక్-స్ట్రీమ్‌కే టైమౌట్ 30 ఇస్తే ఇది తీరుతుంది.

కానీ టీఎల్‌ఎస్ కోసం పైన సీఎల్+ఎస్‌ఎస్‌ఎల్ లైబ్రరీ పెట్టి, ఫైల్ డిస్క్రిప్టర్‌ను (సాకెట్‌కు ఓఎస్ ఇచ్చే నంబరు) నేరుగా ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ అనే ఎన్‌క్రిప్షన్ లైబ్రరీకి అప్పగిస్తే ఆ టైమౌట్ పనిచేస్తుందా? నెలల తరబడి నడిపినవాళ్లు ఉంటే దయచేసి చెప్పండి. ఎన్ని థ్రెడ్లు పెట్టారో, ఆ బోర్డు మీద మెమరీ ఎంత తిందో కూడా రాయండి.