పాత రెండు దారాల గాలిపటాలు జట్టుగా ఎగరేసినవాళ్లు చెప్పండి

గాలివాటం: నలుగురం కలిశాం. 1980ల చివరి నాటి డెల్టాలు (త్రికోణం పటాలు) నాలుగు చేతికొచ్చాయి, అన్నీ ఒకే మోడల్. విడిగా ఎగరేస్తే ఏదీ ఇబ్బంది పెట్టదు. ఒకదాని వెనక ఒకటి తిప్పబోతే మాత్రం రెండోది మొదటిదాని మీదికెక్కుతోంది, నాలుగోది ఎక్కడో వెనకబడుతోంది. తప్పు చేతిదా, పటానిదా?

పాతతెర: సగం పటానిదే. ఇన్నేళ్లలో పుల్ల విరిగితే ఎవరో ఒకరు ఫైబర్‌గ్లాస్ బదులు కార్బన్ వేసి ఉంటారు. బరువు తగ్గితే నడక మారిపోతుంది. ముందు నాలుగింటినీ తూకం వేయండి.

తర్వాత బ్రైడిల్, అంటే పటం ముందు కట్టే దారాల కూర్పు, చూడండి. మా పటాల్లో ఒకదానికి ఎడమ పక్క దారం అర సెంటీమీటరు సాగి ఉంది. అది తెలియక ఏడాదిపాటు దాన్ని ఎగరేసినవాడి మణికట్టును తిట్టాం, పాపం. చివరికి పాతవన్నీ విప్పేసి, చెక్కకు మేకులు కొట్టి, ఒకే కొలతకు నాలుగింటికీ కొత్తవి కట్టాం. ఎగరేసే దారం తగిలించే క్లిప్పును పటం ముక్కు వైపు జరిపితే తేలిక గాలికి లేస్తుంది, కిందికి జరిపితే లాగుడు ఎక్కువై మలుపు బిగుస్తుంది. ఒక్కో మిల్లీమీటరే జరపండి.

ఉప్పుగాలి: దారాలు ఏం వాడుతున్నారు?

గాలివాటం: ఇద్దరివి డైనీమా అనే సింథటిక్ దారాలు. ఇద్దరివి పటాలతో పాటే వచ్చిన పాత కెవ్లార్.

ఉప్పుగాలి: అయితే ఇవాళే ఆపేయండి! డైనీమా సుమారు 150 డిగ్రీలకే కరుగుతుంది, కెవ్లార్‌కు ఆ వేడి ఓ లెక్క కాదు. రెండూ రాసుకుంటే తెగేది డైనీమాయే. నా పటం ఒకటి అలాగే చెట్లపాలైంది. నలుగురికీ డైనీమాయే కట్టండి. అది జారుడు దారం కాబట్టి నాలుగైదు మెలికలు పడినా పటం మాట వింటుంది. చివర్లకు డాక్రాన్ (పాలిస్టర్) తొడుగు వేయకపోతే ముడి దగ్గర తెగుతుంది. కొత్త దారం మొదట్లో సాగుతుంది. అన్నిటినీ ఒకే గుంజకు కట్టి, బలంగా లాగి, అప్పుడు పొడవు సరిచూడండి.

తోకచుక్క: చేతి సంగతి కూడా చెప్పాలిగా. ముందు పటానికి దగ్గరైపోతుంటే పటం వైపు రెండడుగులు వేయండి, వేగం తగ్గుతుంది. వెనకబడితే వెనక్కి నడవండి. మీ పటాన్ని కాదు, ముందున్నదాన్ని చూడండి.

కేక వేసేది ఒక్కరే ఉండాలి. "సిద్ధం" అన్నప్పుడు ఎవరూ కదలకూడదు, "ఇప్పుడు" అన్నాకే తిప్పాలి. పాత పటాలు వెడల్పుగా తిరుగుతాయి కాబట్టి కేక కాస్త ముందే పడాలి. కుడికి ఎన్ని చుట్లు తిరిగారో ఎడమకు అన్నీ తిప్పి విప్పుకోవాలి, ఆ లెక్క కూడా కేక వేసేవాళ్లదే. మా జట్టులో ఆ పని నాది. లెక్క తప్పిన రోజులూ ఉన్నాయి, అడక్కండి.

పాతతెర: 1970ల పీటర్ పావెల్ డైమండ్లు (ఆ పేరుతో వచ్చిన వజ్రాకారపు రెండు దారాల పటాలు) ఎవరి దగ్గరైనా ఉంటే కొత్తవాళ్లకు వాటితోనే నేర్పండి. గాలికి ఉబ్బే ఆ పాలిథిన్ గొట్టం తోక పటం వెళ్లిన దారినంతా ఆకాశంలో గీసి చూపిస్తుంది. ఎవరు గీత దాటారో వాదించే పనే ఉండదు.

గాలివాటం: తూకం వేశాం. మూడు దాదాపు సమానం. ఎప్పుడూ మీదికెక్కే ఆ రెండోది మాత్రం 40 గ్రాములు తక్కువ. విప్పి చూస్తే అడ్డపుల్ల కార్బన్‌ది. దాన్ని ఎగరేసేవాడికి ఇంకా చెప్పలేదు, నెల రోజులుగా తిట్లు తింటున్నాడు.