ఎర్రమట్టి దిబ్బల్లో నడకదారి వెయ్యాలా, వద్దా?

అల్లిపురం అబ్బాయి

మా అమ్మకి 63 ఏళ్లు. ట్రెక్కింగ్ అన్న మాట వింటేనే నవ్వుతుంది. "మేం కట్టెపుల్లలకి వెళ్లిన దారికి మీరు బూట్లు కొనుక్కుంటున్నారా" అంటుంది. నడకంటే మాత్రం ఇష్టం. అందుకే ఈ ఏడాది విశాఖ దగ్గరి భీమిలి చుట్టుపక్కల తేలికైన దారులన్నీ ఒక్కొక్కటిగా తిప్పుతున్నాను. తొట్లకొండ అయింది. కారు పైదాకా వెళ్తుంది, పైన స్తూపాల పునాదుల మధ్య, నీటి తొట్ల మధ్య తిరగడమే పని. సముద్రం మొత్తం కనిపిస్తుంది. పావురాలకొండలో నరసింహస్వామి గుడి దాకా మెట్లెక్కాం. ఆ పైన రాళ్లూ పొదలూ చూసి ఆవిడ గుడి దగ్గరే కూర్చుని నన్ను పొమ్మంది.

మొన్న ఆదివారం ఎర్రమట్టి దిబ్బలకి వెళ్లాం. అన్నిటికన్నా తేలిక అనుకున్నది అదే. పైనుంచి చూస్తే చదును నేల. నాలుగడుగులు వేస్తే పక్కన నిలువునా గండి. అంచున ఇసుక జారి అమ్మ కూలబడింది. దెబ్బ తగల్లేదు గానీ నాకు మాత్రం చెమటలు పట్టాయి. మేం నడిచిన వైపు పట్టుకోడానికి ఒక తాడు కూడా లేదు.

ఇదీ నా ప్రశ్న. చెక్కతో ఒక కిలోమీటరు నడకదారి వేసి, రెండువైపులా రెయిలింగ్ పెడితే తప్పేంటి?

గోస్తని గట్టు

అమ్మగారికి ఏం కాలేదు, అది చాలు బాబూ. రెయిలింగ్ మాట మాత్రం ఎత్తకండి, దిబ్బల్ని అలాగే వదిలేద్దాం.

మాది భీమిలే. చిన్నప్పుడు సెలవులొస్తే జీడిపళ్లకి, ముంజెలకి ఆ దిబ్బల చుట్టూనే తిరిగాం. అప్పుడు మేం జారుడుబండలా జారిన గండి ఇప్పుడు వెతికినా దొరకదు. అది కొండ కాదండీ, పోగుపడ్డ ఇసుక. ఏటా వాన కోస్తుంది. మీరు ఇవాళ పాతిన స్తంభం కింద మూడో వానాకాలానికి మట్టి ఉండదు. అప్పుడేం చేస్తారు? కాంక్రీటు పోస్తారు. కాంక్రీటు పడ్డాక ఒక టీ బడ్డీ, బడ్డీకి రేకుల షెడ్డు, షెడ్డు ముందు పార్కింగు. 2024లో దిబ్బల దగ్గర చదును పనులు మొదలైతే ఎంత గోల చేస్తే ఆగాయో మర్చిపోయారా? మళ్లీ మనమే పిలిచి మరీ యంత్రాలు తెప్పించుకోవాలా?

నీలిమ ఎంవీపీ

గోస్తని గారూ, మీ చిన్నతనం బాగుంది. నా చిన్నతనంలో నాకు పోలియో వచ్చింది. కర్ర సాయంతో నడుస్తాను. మీరు జారుడుబండ ఆడిన చోటు నేను దూరంగా రోడ్డు మీంచి చూడాలన్నమాట.

ఇంకో మాట. "అలాగే వదిలేద్దాం" అంటున్నారు, ఏది అలాగే ఉంది? ఆదివారం పొద్దున్నే వెళ్లి చూడండి. ఒక పక్క ప్రీవెడ్డింగ్ షూటింగు, ఇంకో పక్క పొగ బాంబులు, గెడ్డలో, అంటే వాన నీరు పారే వాగులో, వాటర్ బాటిళ్లు. ఒక దారి లేకపోతే జనం రావడం మానరు. వందమంది వంద దారులు తొక్కుతారు. దిబ్బకి ఒక దారి నష్టమా, వంద దారులా?

రాళ్ల మాస్టారు

భూగర్భశాస్త్రం చెప్పి రిటైరైన వాణ్ణి. కాస్త పెద్దగా రాస్తున్నాను, భరించండి.

సుమారు ఇరవై వేల ఏళ్ల కిందట సముద్రపు నీరు కొంత నేల మీద మంచుగా గడ్డకట్టి ఉండేది. సముద్ర మట్టం ఇప్పటికంటే వంద మీటర్లకు పైగా కిందికి దిగిపోయింది. అలాంటి కాలంలో సముద్రం వెనక్కి తగ్గిన మేర ఇసుక బయటపడుతుంది, దాన్ని గాలి లోపలికి ఎత్తి పోస్తుంది. ఇలాంటి ఎర్ర ఇసుక తమిళనాడులో ఉంది, వాళ్లు తేరి అంటారు. శ్రీలంకలోనూ ఉంది. మన తూర్పు కనుమల రాళ్లలో గార్నెట్ లాంటి ఇనుపజాతి ఖనిజాలు ఎక్కువ. అవి ఇసుకలో కలిసి, వేల ఏళ్లు ఎండకీ వానకీ తుప్పుపట్టి రంగు ఇచ్చాయి. తుప్పూ, సన్నటి బంకమట్టీ కలిసి ఇసుక రేణువుల్ని పట్టి ఉంచుతాయి. ఎంత పట్టి ఉంచుతాయంటే, ఎండాకాలంలో గోడలా నిలబడేంత, వాన పడితే చేతిలో విడిపోయేంత. అంతకుమించి కాదు. జియలాజికల్ సర్వే వాళ్లు 2014లో దీన్ని జాతీయ భూవారసత్వ స్థలంగా గుర్తించారు. 2025లో తిరుమల కొండలతో పాటు యునెస్కో ప్రపంచ వారసత్వ తాత్కాలిక జాబితాకీ ఎక్కింది.

ఇప్పుడు తొక్కుడు సంగతి. అన్ని చోట్లా తొక్కుడు ఒకటి కాదు. గండి అంచున నలుగురు నిలబడితే పైనున్న గట్టి పెచ్చు పగులుతుంది, పగుల్లోకి నీరు దిగుతుంది, తర్వాతి వానకి ఆ అంచు మొత్తం ఊడి పడుతుంది. అదే గెడ్డ అడుగున నడిచారనుకోండి. అది వాన తెచ్చి పరిచిన ఇసుక. మీ అడుగులు వచ్చే వానకి చెరిగిపోతాయి. ఎవరూ కట్టక్కర్లేని దారి అది, ఏటా వానే వేసి పెడుతుంది.

కాబట్టి దిబ్బ పైన ఏదీ కట్టొద్దు. అంచులకి నాలుగు మీటర్లు ఇవతల తాడు కట్టి జనాన్ని ఆపండి. నడవాలనుకున్నవాళ్లు కింద నుంచి, గెడ్డ వెంబడి నడవాలి. మబ్బు పట్టిన రోజు మాత్రం లోపలికి పోవద్దు. పైన ఎక్కడో కురిసినా నీళ్లు ఇటే వస్తాయి, గోడలు విరిగి పడతాయి.

ముంజెకాయ

మాస్టారూ, కింద మేం నడుస్తుంటే పైనుంచి ప్రీవెడ్డింగ్ పెళ్లికొడుకు పడితే ఎవరిది పూచీ?

సరదాకన్నాను. మా మావయ్య బీచ్ రోడ్డులో బొండాలు అమ్ముతాడు, అక్కడి జనం నాకు తెలుసు. తాడు కట్టండి, బోర్డు పెట్టండి, వారంలో తాడుకి ఫోన్ ఆనించి సెల్ఫీ తీసుకుంటారు. తాడు దగ్గర మనిషి ఉండాలి. ఆ మనిషి మా పక్క ఊళ్లవాడైతే ఇంకా మంచిది. ఏ గెడ్డలో ఎప్పుడు నీరొస్తుందో వాడికి ఎవరూ చెప్పక్కర్లేదు. కట్టడానికి అయ్యే ఖర్చుతో అలాంటివాళ్లు నలుగురికి ఎన్నేళ్లు జీతమొస్తుందో లెక్క వేసుకోండి.

నీలిమ ఎంవీపీ

మాస్టారూ, పాఠం బాగా చెప్పారు, నిజంగా. అంచుల సంగతి నాకు తెలియదు, ఒప్పుకుంటున్నాను. కానీ గెడ్డ అడుగున మెత్తటి ఇసుక కదా? నా కర్ర జానెడు దిగబడుతుంది. మీ తేలిక దారి నాకు అన్నిటికంటే కష్టమైన దారి. తొట్లకొండ మీద గట్టి నేల నాకు తేలిక. పావురాలకొండ మెట్లకి పట్టుకోడానికి ఏదైనా ఉంటే తేలిక, లేకపోతే లేదు. "అందరికీ అనువైన తేలికపాటి నడక" అని రాసేవాళ్లు ఒక్కసారి కర్ర పట్టుకుని నడిచి రాస్తే బాగుండు.

కిలోమీటరు నేను అడగడం లేదు. రోడ్డు దగ్గర్నుంచి ఒక యాభై మీటర్లు, చక్రాల కుర్చీ పోయేలా గట్టి నేల, చివర కూర్చుని చూసేందుకు బల్ల. గండికి దూరంగానే. ఆపైన ఒక్క అడుగు కూడా వద్దు.

గోస్తని గట్టు

నీలిమ గారూ, మొదటిసారి కాస్త దురుసుగా రాశాను, మనసులో పెట్టుకోకండి. యాభై మీటర్లకి నాకు అభ్యంతరం లేదు. భయమల్లా ఒకటే. యాభై కాస్తా ఐదొందలు అవదని ఎవరు రాసిస్తారు?

అల్లిపురం అబ్బాయి

రెండు వారాల తర్వాత రాస్తున్నాను. మాస్టారు చెప్పినట్టే పొద్దున ఆరింటికి, ఆకాశం తేటగా ఉన్న రోజు చూసుకుని, గెడ్డ వెంబడి వెళ్లాం. అమ్మ చెప్పులు విడిచేసి నడిచింది. కింద నుంచి చూస్తే పూర్తిగా వేరే చోటులా ఉంది. గోడల్లో ఎరుపు ఒక్కటే కాదు, పసుపు, ఇటిక రంగు, ఒకచోట దాదాపు వంకాయ రంగు. వేలాడుతున్న జీడిమామిడి వేళ్లు కూడా కనిపించాయి. కింద మట్టి జారిపోయినా చెట్టు పట్టు వదల్లేదు. ఇరవై నిమిషాలయ్యాక అమ్మే "చాలు, పద" అంది. ఇసుకలో నడక పిక్కలు పట్టేస్తుంది, ముందే నీలిమ గారి మాట వినాల్సింది.

ఇంకా ఏడున్నరే అయింది కదా అని భీమిలి ఊళ్లోకి వెళ్లాం. గంటస్తంభం, డచ్చివాళ్ల సమాధులు, లైట్‌హౌస్, అక్కణ్ణించి గోస్తని సముద్రంలో కలిసే చోటు. అంతా చదునే. అమ్మకి బాగా నచ్చింది ఇదే. వలలు బాగుచేసుకుంటున్న వాళ్లతో అరగంట కబుర్లు, ఇంటికి చేపలు. తేలికపాటి దారుల జాబితాలో దీన్ని ఎవరూ ఎందుకు రాయరో నాకు అర్థం కాలేదు, ఇక్కడ కొండ లేదనేమో.

కిలోమీటరు మాట వెనక్కి తీసుకుంటున్నాను. నీలిమ గారి యాభై మీటర్లకి, ముంజెకాయ గారి నలుగురు మనుషులకి నా ఓటు.

నీలిమ ఎంవీపీ

మీ ఓటుకి థాంక్స్. కానీ యాభై మీటర్ల పనికి టెండర్ వేసే కాంట్రాక్టర్ ఎవరైనా మీకు తెలుసా?

గోస్తని గట్టు

అదేనమ్మా మొదట్నుంచీ నా గోల.