కెఫీన్ లేని మూలికా మాత్రలు: థైరాయిడ్ ఉన్నవాళ్లు ఎవరైనా వాడారా?

గుండె దడ వస్తోందని కాఫీ మానేసి నెలైంది. దడ తగ్గింది గానీ మధ్యాహ్నం మూడయ్యేసరికి కళ్లు మూతలు పడుతున్నాయి. బరువేమో 78 కిలోల దగ్గర మొండికేసింది.

మా వదిన ఒక డబ్బా ఇచ్చింది. ముందువైపు ‘కెఫీన్ లేదు’ అని పెద్దక్షరాలు, వెనక చీమ తలకాయంత అక్షరాల్లో గ్వారానా! ఆ గింజలో ఉండేదే కెఫీన్ కదండీ. పక్కన పడేశా.

ఇప్పుడు అశ్వగంధ, గార్సీనియా (అదే, మలబారు చింత) కలిపినది ఒకటి చూశా. నేను రోజూ పరగడుపున థైరాయిడ్ మాత్ర (థైరాక్సిన్ 50 మైక్రోగ్రాములు) వేసుకుంటా. అశ్వగంధ థైరాయిడ్ హార్మోన్లను పెంచొచ్చనీ, గార్సీనియా వాడిన కొందరికి కాలేయం దెబ్బతిందనీ చదివాక చెయ్యి ఆడట్లేదు.

థైరాయిడ్ మాత్రతో పాటు ఇవి వాడినవాళ్లున్నారా? టీఎస్‌హెచ్ (థైరాయిడ్ రక్తపరీక్షలో చూసే అంకె) ఏమైనా మారిందా? వచ్చే వారం డాక్టరుగారి దగ్గరికి వెళ్తున్నా. ఆ డబ్బా కూడా పట్టుకెళ్లి చూపించనా, తిడతారా?