అరవై దాటిన వారి రక్తదానం: వయసు చూడాలా, మందుల చీటీ చూడాలా?

ప్రశ్న – విశ్రాంత ఉపాధ్యాయుడు, తిరుపతి

అందరికీ నమస్కారం. నా వయసు 62. ఉద్యోగంలో ఉన్నప్పటి నుంచి ఏడాదికి ఒకటి రెండు సార్లు రక్తం ఇస్తూ వస్తున్నాను, ఇంతవరకు ఏ ఇబ్బందీ కలగలేదు. కొన్నేళ్లుగా రక్తపోటుకు ఒక మాత్ర వాడుతున్నాను, కొలత 130/80 దరిదాపుల్లో ఉంటోంది. షుగర్ లేదు. ఇటీవల శిబిరానికి వెళ్తానంటే మా అబ్బాయి అడ్డుపడి, ‘అరవై దాటినాక ఒంట్లో రక్తం ఊరదు నాయనా, ఇంక చాలించు’ అన్నాడు. ఇక నా భార్య వయసు 58, బరువు 52 కిలోలు. ఆమె ఎన్నడూ రక్తం ఇవ్వలేదు, ఈసారి తానూ ఇస్తానంటోంది. మా ఇద్దరి విషయంలో నిబంధనలు ఏం చెబుతున్నాయి, నిబంధనలు ఒప్పుకున్నా ఈ వయసులో ఇవ్వడం నిజంగా క్షేమమేనా అన్నది తెలిసినవారు వివరించగలరు.

జవాబు 1 – రక్తనిధిలో పనిచేసిన టెక్నీషియన్

అయ్యా, ముందు నిబంధన చెబుతాను. మన దేశంలో 2020లో సవరించిన నిబంధనల ప్రకారం 18 నుంచి 65 ఏళ్ల వరకు రక్తం ఇవ్వవచ్చు, అయితే మొదటిసారి ఇచ్చేవారికి 60 దాటి ఉండకూడదు. కాబట్టి పాత దాతగా మీకు ఇంకా మూడేళ్ల గడువు ఉంది. మేడమ్ గారు ఇవ్వదలచుకుంటే మాత్రం ఈ రెండేళ్లలోనే మొదలుపెట్టాలి. 45 కిలోలు దాటితే 350 మిల్లీలీటర్లు, 55 దాటితే 450 మిల్లీలీటర్లు తీస్తారు గనుక ఆమె దగ్గర 350 మాత్రమే తీస్తారు. ఆ బరువున్న స్త్రీ ఒంట్లో మూడున్నర లీటర్ల దరిదాపు రక్తం ఉంటుంది కాబట్టి పోయేది సుమారు పదో వంతు. హిమోగ్లోబిన్ ఇద్దరికీ 12.5 గ్రాములకు తగ్గకూడదు. ఒకసారి ఇచ్చాక మగవారు 90 రోజులు, ఆడవారు 120 రోజులు ఆగాలి.

రక్తం ఊరదన్న మాట సరికాదు. పోయిన ద్రవం ఒకటి రెండు రోజుల్లోనే భర్తీ అవుతుంది. ఎర్రకణాలకు కొన్ని వారాలు పడుతుంది, ఆరోగ్యంగా ఉన్న అరవై ఏళ్ల మనిషి ఎముక మూలుగ ఆ పని చేయగలదు. అన్నిటికంటే ఆలస్యంగా పూడేది ఇనుము. 450 మిల్లీలీటర్ల రక్తంతో 200 మిల్లీగ్రాములకు పైగా ఇనుము పోతుంది, తిండి నుంచి ఒంటికి పట్టేది రోజుకు ఒకటి రెండు మిల్లీగ్రాములే. అందుకే మూడు నెలలకోసారి ఇవ్వవచ్చని నిబంధన చెప్పినా, అరవై దాటినవారు ఏడాదికి ఒకటి రెండు సార్లతో ఆపుకోవడం మేలని నా అభిప్రాయం.

జవాబు 2 – జనరల్ ఫిజీషియన్, చిత్తూరు

పై జవాబుతో ఏకీభవిస్తూ, వయసు కంటే ముందు చూడవలసింది మందుల చీటీ అని చెప్పదలచుకున్నాను. రక్తపోటుకు మందు వాడుతున్నా, పై కొలత 100–140 మధ్య, కింది కొలత 60–90 మధ్య ఉండి, గత 28 రోజుల్లో మందు గానీ మోతాదు గానీ మారకపోతే రక్తం ఇవ్వవచ్చు. షుగర్ మాత్రలతో అదుపులో ఉండి, గుండె, మూత్రపిండాల వంటి అవయవాలు దెబ్బతినకపోతే అడ్డులేదు, ఇన్సులిన్ వేసుకునేవారి దగ్గర తీసుకోరు. గుండెపోటు వచ్చినవారు, గుండె రక్తనాళాల జబ్బు ఉన్నవారు ఇవ్వకూడదు. మనవాళ్లు చాలామంది చెప్పడం మరిచిపోయేది ప్రోస్టేట్ మాత్రల సంగతి. వాటిలో డ్యూటాస్టెరైడ్ ఉంటే చివరి మాత్ర తర్వాత ఆరు నెలలు ఆగాలి, ఎందుకంటే రక్తం గర్భిణికి ఎక్కిస్తే ఆ మందు కడుపులోని మగబిడ్డ ఎదుగుదలకు హాని చేయవచ్చు. ఇది దాత క్షేమం కోసం కాదు, పుచ్చుకునేవారి క్షేమం కోసం పెట్టిన నియమం.

ఇంకొక మాట. హిమోగ్లోబిన్ తక్కువగా ఉందని రక్తనిధివారు వెనక్కి పంపిస్తే, మందుల షాపులో ఐరన్ మాత్రలు కొనుక్కుని మూడు నెలలకు మళ్లీ వెళ్లడం పెద్ద వయసులో చేయకూడని పని. అరవై దాటిన మగవారికి ఇనుము తగ్గిందంటే కడుపులోనో పేగుల్లోనో తెలియకుండా రక్తం పోతున్నదేమో పరీక్షించి తీరాలి. ఏళ్ల తరబడి గ్యాస్ మాత్రలు మింగేవారికి ఇనుము సరిగ్గా పట్టకపోవడం కూడా ఉంది.

జవాబు 3 – గృహిణి, చిత్తూరు

డాక్టరు గారు చెప్పినవన్నీ సరిగ్గా ఉన్నా మా నాయనకు దెబ్బ తగిలింది. అప్పుడు ఆయన వయసు 63. శిబిరంలో ఇచ్చిన బిస్కెట్లు జేబులో వేసుకుని, పది నిమిషాలు కూర్చోమంటే ‘నాకేమైంది’ అని లేచి, ఎండలో బస్టాండుకు నడిచి, కిక్కిరిసిన బస్సులో నిలబడ్డారు. దిగేటప్పుడు కళ్లు తిరిగి పడితే మణికట్టు విరిగింది. పెద్దల దగ్గర రక్తం తీసిన తర్వాత ఇంకొంచెంసేపు కనిపెట్టుకుని ఉండేవారు శిబిరాల్లో ఉండాలి, ఆ రోజు అక్కడ ఎవరూ లేరు. ఇంకో సంగతి, అది పెరటాసి శనివారం, ఆయనకు ఒక్కపొద్దు. ఉదయం నుంచి కాఫీ తప్ప ఏమీ తీసుకోలేదు. ఆ మాట ఆయన చెప్పలేదు, వాళ్లు అడగలేదు.

జవాబు 4 – జనరల్ ఫిజీషియన్, చిత్తూరు

అమ్మా, మీరు చెప్పినది చాలా ముఖ్యం. రక్తం ఇస్తూ కళ్లు తిరిగి పడిపోయేది ఎక్కువగా తొలిసారి వచ్చిన, బరువు తక్కువ ఉన్న కుర్రవాళ్లే, పెద్దవారిలో అది తక్కువ. కాకపోతే కుర్రవాడు పడితే దులుపుకుని లేస్తాడు, పెద్దవారికి ఎముక విరుగుతుంది. నిలబడగానే రక్తపోటు సర్దుకోవడం వయసుతో నెమ్మదిస్తుంది, గుండె వేగాన్ని తగ్గించే అటెనొలాల్ వంటి మాత్రలు, మూత్రం సాఫీగా రావడానికి వాడే టామ్సులోసిన్ దాన్ని ఇంకా నెమ్మదింపజేస్తాయి. ఒక్కపొద్దు రోజున అసలే ఇవ్వకూడదు, భోజనం చేసి నాలుగు గంటలు దాటకుండా చూసుకోవాలి. అలిపిరి మెట్లెక్కే కార్యక్రమం ఉంటే దానికి వేరే రోజు పెట్టుకోవాలి.

ప్రశ్నించినవారు

అందరికీ కృతజ్ఞతలు. మా ఆవిడ మోకాళ్ల నొప్పులకు అప్పుడప్పుడు ఆస్పిరిన్ వేసుకుంటుంది, అది అడ్డమా?

జవాబు 5 – రక్తనిధిలో పనిచేసిన టెక్నీషియన్

నొప్పి కోసం వేసుకున్నదైతే అడ్డం కాదు. కానీ ఆ రక్తం నుంచి ప్లేట్‌లెట్లు తీయదలిస్తే మూడు రోజులు గడిచి ఉండాలి కాబట్టి చివరి మాత్ర ఏ రోజు వేసుకున్నారో ఫారంలో రాయించండి. గుండె కోసం రోజూ వేసుకునేవారి సంగతి వేరు, ఆ గుండె జబ్బే అడ్డమవుతుంది. మొదటిసారి కాబట్టి మేడమ్ గారిని శిబిరానికి కాకుండా రుయా ఆసుపత్రికో స్విమ్స్ ఆసుపత్రికో తీసుకువెళ్లండి, అక్కడ డాక్టరు దగ్గరలోనే ఉంటారు. మీ ఇద్దరూ ఒకే రోజు ఇవ్వవద్దు, ఒకరు ఇచ్చిన రోజు ఇంకొకరు తోడుండి ఆటోలో ఇంటికి తీసుకురావాలి.