డబ్బాలో తినేది పెట్టాలా, తినాల్సింది పెట్టాలా?

సర్జాపూర్ రోడ్ అమ్మ
బెంగళూరులో ఉంటున్న తెలుగు అమ్మానాన్నలకు నమస్కారం. మా బాబు రెండో తరగతి. ఈ ఏడాది వాళ్ళ స్కూల్లో కొత్త రూల్ పెట్టారు. డబ్బాలో ప్యాకెట్లు, ఫాయిల్ ఉండకూడదు. మిగిలిన తిండి స్కూల్లో పారేయకుండా ఇంటికే పంపిస్తారు. రూల్ మంచిదే, నాకూ నచ్చింది. కాకపోతే వాడు ఏం వదిలేస్తున్నాడో ఇప్పుడు రోజూ కళ్ళారా చూడాల్సి వస్తోంది. నిన్న బీన్స్ కూర కలిపిన అన్నం పెడితే, ముక్కలన్నీ ఏరి మూత అంచున వరసగా పేర్చి, రెండు ముద్దలు తిని మూసేశాడు. పెరుగన్నం, నెయ్యి దోసె, బంగాళదుంప వేపుడు తప్ప ఇంకేదీ ముట్టడు.

మావారేమో తినేదే పెట్టు, కడుపు నిండితే చాలంటారు. అత్తయ్యగారేమో అడిగిందే పెడుతూ పోతే జన్మలో కూర తినడంటారు. ఇద్దరి మాటా సబబుగానే ఉంది, అందుకే ఇక్కడ అడుగుతున్నాను.

మారతహళ్ళి నాన్న
నా ఓటు మీవారికేనండీ. మా పాప స్కూల్లో లంచ్ బ్రేక్ ఇరవై నిమిషాలు. అందులో చేతులు కడుక్కోవాలి, డబ్బా తెరవాలి, కబుర్లు చెప్పుకోవాలి. పక్కన కూర్చుని బతిమాలేవాళ్ళు ఎవరూ ఉండరు. అక్కడ కొత్త కూర పెడితే పిల్ల ఆకలితో ఉండిపోతుంది, నాలుగింటికి బస్సు దిగగానే బిస్కెట్ ప్యాకెట్ చించుతుంది.

కొత్త రుచి పిల్లలకు అలవాటు కావాలంటే 8 నుంచి 15 సార్లయినా నాలుకకు తగలాలని పిల్లల తిండి మీద జరిగిన పరిశోధనలు ఎప్పటినుంచో చెబుతున్నాయి. ఆ పని రాత్రి భోజనాల దగ్గర, మన కంచంలోంచి జరగాలి. మనం తింటుంటే చూసి ఒక ముక్క తీసుకుంటారు. డబ్బా మాత్రం ఆకలి తీర్చడానికే.

అనంతపురం అక్క
తమ్ముడూ, నేనొప్పుకోను. తినేదే పెడుతూ పోతే ఆ లిస్టు పెరగదు, తగ్గుతుంది. ఈ రోజు మూడు రకాలు తినే పిల్లాడికి వాటిలో ఒకటి మొహం మొత్తిందంటే మిగిలేవి రెండే.

ఇంకో సంగతి. ఇంట్లో సాంబారు వాసనకే ముక్కు మూసుకునే మా చిన్నోడు, స్కూల్లో కన్నడ స్నేహితుడి డబ్బాలో బిసిబేళెబాత్ తిని వచ్చి 'అమ్మా, అది చెయ్యవా' అని అడిగాడు. అందులో బీన్సు, క్యారెట్టు, నూల్‌కోల్ అన్నీ ఉంటాయి కదా. మనం చెబితే విననిది పక్కవాడు తింటే తింటారు. అలాంటి చోటికి పెరుగన్నం ఒక్కటే ఇచ్చి పంపిస్తే ఆ అవకాశం పోగొట్టినట్టే. నేను వాడికి ఇష్టమైనది కడుపు నిండా పెట్టి, పక్కన చిన్న గిన్నెలో రెండు చెంచాల కూర తప్పకుండా పెడతాను. తిన్నావా అని అడగను.

మారతహళ్ళి నాన్న
అక్కా, ఆ రెండు చెంచాలూ రోజూ చెత్తబుట్టలోకే పోతే? ఈ చర్చ మొదలైంది తిండి వృథా గురించే కదా.

అనంతపురం అక్క
పోనీ తమ్ముడూ. రెండు చెంచాల కూర తడి చెత్తలో పడితే ఎరువవుతుంది. మన బెంగళూరులో 2015లో హైకోర్టు చెప్పినప్పటి నుంచీ తడి, పొడి వేరు చేసే ఇస్తున్నాం. మరి నువ్వు చెప్పిన ఆ బిస్కెట్ ప్యాకెట్ సంగతేంటి? అలాంటి రేపర్లు చాలావరకు పొరలు అతికించి చేసినవే, విడదీయడం కష్టం, రీసైక్లింగ్‌కి కొనేవాళ్ళూ తక్కువ. నేర్చుకునేటప్పుడు కాస్త వృథా అవుతుంది. ఆ కాస్తకు భయపడి నేర్పించడమే మానేస్తే ఎలా?

టీచరమ్మ
ప్రైమరీ క్లాసులకు చెబుతాను కాబట్టి నేను చూసింది రాస్తున్నాను. పిల్లలు వదిలేసేదాంట్లో చాలావరకు ఇష్టం లేని కూర కాదండీ, ఎక్కువైన అన్నం. ఆరేళ్ళ పిల్లకు నాలుగు ఇడ్లీలు పెట్టి పంపిస్తే ఏం చేస్తుంది? రెండు పెట్టండి. సరిపోకపోతే ఆ పిల్లే అడుగుతుంది. రెండోది డబ్బా. నాలుగు వైపులా క్లిప్పులున్నవి చిన్న పిల్లలకు రావు. సిగ్గుపడి ఎవరినీ అడగరు, అలాగే మూసి బ్యాగులో పెట్టేస్తారు. కొనే ముందు పిల్లలచేతే తెరిపించి చూడండి. కీరా ముక్కలు అన్నం పక్కన పెట్టొద్దు, నీరు దిగి అన్నం ముద్దయిపోతే ఇష్టమైనదైనా తినరు.

నాకు నిజంగా బాధ కలిగించేది ఇంకొకటుంది. డబ్బా ఖాళీ చేసినవాళ్ళకు స్టార్ ఇచ్చే పద్ధతి. ఆ స్టార్ కోసం తిండిని టిష్యూలో చుట్టి దాచే పిల్లల్ని చూశాను. ఆకలి తీరాక ఆపేయడం పిల్లలకు పుట్టుకతో వస్తుంది, దాన్ని మనమే చెడగొడుతున్నాం. ఏం పెట్టాలో, ఎంత పెట్టాలో మీరు చూసుకోండి. ఎంత తినాలో పిల్లలకు వదిలేయండి.

దయచేసి మిగిలినది సాయంత్రం మళ్ళీ తినిపించకండి. పొద్దున ఆరింటికి వండిన అన్నం అంతసేపు మూత కింద ఉంటే పాడవుతుంది. పారేయలేక అమ్మలు నిలబడి తినేస్తుంటారు, అదీ వద్దు.

కె.ఆర్.పురం పిన్ని
ఫాయిల్ వద్దంటే దోసె దేంట్లో చుట్టాలి? మా పక్కింటావిడ న్యూస్‌పేపర్‌లో చుట్టి పంపిస్తోంది.

టీచరమ్మ
న్యూస్‌పేపర్ అస్సలు వద్దు పిన్నిగారూ. ఆ సిరాలో ఉండే రసాయనాలు వేడి, నూనె తగిలితే తిండిలోకి దిగుతాయని ఆహార భద్రత చూసే కేంద్ర సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ చాలాసార్లు చెప్పింది. తిండి చుట్టే పల్చటి ప్లాస్టిక్, అదే క్లింగ్ ఫిల్మ్ సంగతికొస్తే కర్ణాటకలో 2016 మార్చి నుంచే నిషేధం. స్టీలు డబ్బాలో అరటాకు ముక్క పరిచి, దోసె ఆవిరి పోయాక మడిచి పెట్టండి. వేడిగా మూత పెడితే చెమట పట్టి మెత్తబడుతుంది.

చిత్తూరు కోడలు
నా అనుభవం వేరండీ. మా పాప రాగిసంగటి ఇష్టంగా తినేది. స్కూల్లో ఎవరో 'మట్టి తింటోంది' అన్నారట, ఇక ముట్టలేదు. నాకు కడుపు మండిపోయింది. రాగిలో 100 గ్రాములకు 350 మిల్లీగ్రాముల దాకా కాల్షియం ఉంటుంది, పాలకు దాదాపు మూడు రెట్లు. అదీ ఈ నేలలో పండేది, రాగిముద్ద తిని పెరిగిన ఊరు ఇది! పిల్లలు మొండి చేస్తున్నారు అనే ముందు డబ్బా తెరిచినప్పుడు పక్కవాళ్ళు ఏమన్నారో ఒకసారి అడగండి. మేం టీచరుతో మాట్లాడాక క్లాసులో ఒక రోజు అందరూ రాగివంట తెచ్చుకున్నారు. ఇప్పుడు మా పాప రాగిదోసె పట్టుకెళ్తోంది. సంగటికి మాత్రం ఇంకా ఒప్పుకోవడం లేదు.

సర్జాపూర్ రోడ్ అమ్మ
అందరికీ థ్యాంక్సండీ. ఎవరేమన్నారని నేనెప్పుడూ అడగలేదు, ఈ రాత్రే అడుగుతాను. రేపటి నుంచి పెరుగన్నం సగం చేసి, అక్క చెప్పినట్టు పక్కన చిన్న గిన్నె పెడతాను. పెరుగన్నం మధ్యాహ్నానికి పులిసిపోతోంది, దానికేమైనా ఉపాయం ఉందా?

మారతహళ్ళి నాన్న
సగం చేయడం బాగుంది, గిన్నె మీద మాత్రం నాకింకా నమ్మకం కుదరలేదు. పులుపుకు ఉపాయం ఇది: వేడి అన్నం మెత్తగా మెదిపి, కాచిన పాలు ఎక్కువ పోసి, గోరువెచ్చగా అయ్యాక చెంచాడు పెరుగు కలపండి. లంచ్ టైముకి కమ్మగా తోడుకుంటుంది.

అనంతపురం అక్క
అనపకాయల కాలం వస్తే ఆ గిన్నెలో పితికిన పప్పు పెట్టమ్మా. గింజలు రాత్రి నానబెట్టి, పొద్దున్నే వాడిచేతే పితికించు. వేళ్ళ మధ్య నొక్కితే పప్పు టుప్పున ఎగిరి పడుతుంది, వాడికి భలే సరదాగా ఉంటుంది. కూర గట్టిగా చెయ్యి, కారం తగ్గించు.