డిస్‌ప్లే రాని కొత్త పీసీ: బోర్డు బయటకు తీయడం మొదటి పనా, ఆఖరి పనా?

గుంటూరు_బిల్డ్
రైజెన్ 5 7600 ప్రాసెసర్, బి650 మదర్‌బోర్డు, 16 జీబీ డీడీఆర్5 ర్యామ్ స్టిక్కులు రెండు, టవర్ కూలర్, 650 వాట్ల ఎస్‌ఎంపీఎస్ (కరెంటు సరఫరా పెట్టె). విడిగా గ్రాఫిక్స్ కార్డు లేదు. స్విచ్ నొక్కితే ఫ్యాన్లన్నీ తిరుగుతున్నాయి. బోర్డు మీద డీర్యామ్ (మెమరీ) అని రాసి ఉన్న లైటు మాత్రం ఆరట్లేదు, మానిటర్ నల్లగానే ఉంది. రెండేసి నిమిషాలు చూసి ఆపేస్తూ అయిదారుసార్లు ఆన్ చేశాను. అంతా విప్పి బోర్డును బల్ల మీద పెట్టి చూడమని ఒకరంటున్నారు, బోర్డు జోలికే పోవద్దని ఇంకొకరు. ఏది ముందో, ఎందుకో కారణంతో చెప్పండి.

బల్లమీదబోర్డు
బయటకు తీయడమే సరైన దారి. క్యాబినెట్‌లో ఉన్నంతసేపు అనుమానించాల్సినవి చాలా ఎక్కువ. బోర్డుకి రంధ్రం లేని చోట ఒక స్టాండాఫ్ (బోర్డును పలకకు తగలకుండా ఎత్తి పట్టే లోహపు కాలు) మిగిలిపోతే అది వెనక వైపు టంకాలకు తగిలి షార్ట్ అవుతుంది. వెనక పలక రేకు ముక్క యూఎస్‌బీ పోర్టులోకి దూరొచ్చు. పవర్ బటన్ లోపలే ఇరుక్కుంటే, నాలుగైదు సెకన్లు గట్టిగా నొక్కి పట్టుకున్నట్టే కాబట్టి, మెషీన్ ఆన్ అయి దానంతటదే ఆగిపోతుంది. బోర్డు వచ్చిన అట్టపెట్టె మీద పెట్టండి. వెండి రంగు కవర్ మీద మాత్రం వద్దు, దాని పైపొర కరెంటును పోనిస్తుంది. ప్రాసెసర్, కూలర్, ఒకే స్టిక్, బోర్డుకి వెళ్లే 24 పిన్నుల కేబుల్, ప్రాసెసర్‌కి వెళ్లే 8 పిన్నుల కేబుల్ ఉంచండి. అంతే. పవర్ స్విచ్ పిన్నులు రెండింటినీ స్క్రూడ్రైవర్ మొనతో ఒక్క క్షణం కలపండి. కూలర్ లేకుండా మాత్రం ఆన్ చేయకండి.

సాకెట్_1718
పైవారు చెప్పిన లోపాలన్నీ నిజమే, కానీ ఇక్కడి లక్షణానికి అవి కుదరవు. షార్ట్ ఉంటే ఎస్‌ఎంపీఎస్ తనను తాను కాపాడుకోవడానికి ఆగిపోతుంది. అసలు తిరగదు, లేదా ఫ్యాన్ ఒక చుట్టు తిరిగి ఆగుతుంది. బటన్ ఇరుక్కున్నా నిమిషాల తరబడి నడవదు. ఇక్కడ కరెంటు అందుతోంది, బోర్డు ప్రాసెసర్‌ని దాటి మెమరీ దగ్గర ఆగింది. ఆ లైట్ల వరస ప్రాసెసర్, డీర్యామ్, వీజీఏ (గ్రాఫిక్స్), బూట్. ఎక్కడ ఆగితే అక్కడ వెతకాలి.

అసలు తప్పు రెండు నిమిషాలకోసారి ఆపేయడం కావచ్చు. మీలా ఏఎం5 సాకెట్ (ప్రాసెసర్ కూర్చునే చోటు) ఉన్న బోర్డు మొదటిసారి లేచినప్పుడు మెమరీ ట్రెయినింగ్ చేస్తుంది, అంటే ప్రతి స్టిక్‌కీ టైమింగులు, వోల్టేజీలు పరీక్షించి కుదుర్చుకుంటుంది. ఆ కాసేపు తెర నల్లగానే ఉంటుంది, డీర్యామ్ లైటు వెలుగుతూనే ఉంటుంది. రెండు స్టిక్కులకే కొన్ని నిమిషాలు పట్టొచ్చు, నాలుగైతే ఇంకా ఎక్కువ. పూర్తయితేనే ఫలితం దాచుకుంటుంది. మధ్యలో ఆపితే మళ్లీ మొదటి నుంచీ. ఒకసారి ఆన్ చేసి పదిహేను నిమిషాలు ముట్టుకోకండి. కేబుల్ బోర్డు వెనక ఉన్న హెచ్‌డీఎంఐకే పెట్టారా? 7600లో గ్రాఫిక్స్ లోపలే ఉంది. అదే 7500ఎఫ్ గానీ, పాత 5600 గానీ అయితే కార్డు లేకుండా తెర మీద ఏమీ రాదు.

కరీంనగర్_కుర్రోడు
అన్నా, ముందుగాల స్టిక్కులు ఏ స్లాట్ల పెట్టినవో జూడు. ప్రాసెసర్ దిక్కు నుంచి లెక్కవెడితే రెండోది, నాలుగోది. బోర్డు మీద ఏ2, బి2 అని రాసుంటది. శానా బోర్డులకు పట్టుడు క్లిప్పు ఒక్క దిక్కే ఉంటది, ఇంకో దిక్కు లేస్తే కూడ ఎరుకగాదు. రెండు కొసల మీద బొటనవేళ్లు పెట్టి గట్టిగ ఒత్తాలె. బంగారు గీతలు ఇంకా కనవడ్తున్నయంటే స్టిక్ కూసోలేదన్నట్టే.

మల్టీమీటర్
ముగ్గురూ ఎస్‌ఎంపీఎస్ పరీక్షను వదిలేశారు. మెషీన్‌ని స్పైక్ బస్టర్ నుంచి, యూపీఎస్ నుంచి తీసి నేరుగా గోడ సాకెట్‌కి పెట్టండి. 24 పిన్నుల కనెక్టర్ బోర్డుకి ఉండగానే వెనక నుంచి మీటర్ మొన ఆనించి చూడండి. స్విచ్ నొక్కకపోయినా 9వ పిన్ను దగ్గర 4.75 నుంచి 5.25 వోల్టులు రావాలి, అది స్టాండ్‌బై. నడుస్తున్నప్పుడు 12 వోల్టుల లైను 11.4 కంటే కిందికి దిగకూడదు, 3.3 లైను 3.14 కంటే దిగకూడదు. 16వ పిన్నుని గ్రౌండ్ పిన్నుకి కలిపి ఫ్యాన్ తిరిగిందా అని చూసే క్లిప్పు పరీక్షను నమ్ముకోకండి. అది లేస్తుందని చెబుతుందే తప్ప, అన్ని భాగాలకూ చాలినంత కరెంటు ఇవ్వగలదని చెప్పదు.

కేబుళ్లు విడిగా వచ్చే ఎస్‌ఎంపీఎస్ అయితే దాని పెట్టెలో వచ్చినవే వాడాలి. ఎస్‌ఎంపీఎస్ వైపు పిన్నుల అమరికకు అన్ని కంపెనీలకీ ఒకే ప్రమాణం లేదు. ప్లగ్ సరిపోయినా 5 వోల్టుల చోట 12 వెళ్లి డిస్కు కాలిపోవచ్చు.

బల్లమీదబోర్డు
సాకెట్ గారూ, ఫ్యాన్లు తిరిగినంత మాత్రాన షార్ట్ లేదని తేల్చేయలేం. స్టాండాఫ్ తగిలింది సన్నని సిగ్నల్ గీతకైతే కరెంటు ఆగదు, ఆ ఒక్క భాగమే పనిచేయదు. మెమరీ గీతలు స్లాట్ల కిందుగానే వెళతాయి. నాకు స్పష్టత ముఖ్యం. బల్ల మీద లేస్తే తప్పు క్యాబినెట్‌ది, లేవకపోతే భాగాలది. ఒక్క పరీక్షతో సగం అనుమానాలు పోతాయి.

సాకెట్_1718
పోతాయి, కానీ ఆ పరీక్షకు ఎంత విప్పాలో కూడా లెక్కలోకి రావాలి. టవర్ కూలర్‌తో బోర్డు ఎత్తేటప్పుడు తొమ్మిది స్క్రూలు, ఫ్రంట్ ప్యానెల్ పిన్నులు, గట్టిగా పట్టుకునే యూఎస్‌బీ 3 కనెక్టర్. ఆ కనెక్టర్‌ని అటూ ఇటూ ఊపి లాగితే చుట్టూ ఉన్న ప్లాస్టిక్ గోడ ఊడివస్తుంది, పిన్నులు వంగుతాయి. లేని లోపం తెచ్చుకున్నట్టవుతుంది. ఒకే స్టిక్‌తో చూడటం, ఫ్రంట్ ప్యానెల్ తీగలు పీకి స్క్రూడ్రైవర్‌తో ఆన్ చేయడం, బ్యాటరీ తీసి బయోస్ (బోర్డు మొదట నడిపే ప్రోగ్రాం) సెట్టింగులు చెరిపేయడం, ఇవన్నీ బోర్డు స్క్రూ ఒక్కటీ విప్పకుండానే అయిపోతాయి. స్టాండాఫ్ అనుమానమైతే క్యాబినెట్ అవతలి పలక తీసి టార్చితో చూస్తే కొన్నిసార్లు తెలుస్తుంది.

గుంటూరు_బిల్డ్
వోల్టేజీలు బాగున్నాయి: స్టాండ్‌బై 5.04, నడుస్తున్నప్పుడు 12.1. పదిహేను నిమిషాలు ఆగాను, లైటు ఆరలేదు. ఒకే స్టిక్ ఏ2లో పెడితే మూడు నిమిషాలకు బయోస్ వచ్చింది. రెండో స్టిక్‌నీ అదే స్లాట్‌లో పెట్టి చూస్తే వచ్చింది. బి2లో ఏది పెట్టినా రావట్లేదు.

సాకెట్_1718
అయితే స్టిక్కులు రెండూ మంచివే, ఒక ఛానెల్ (ప్రాసెసర్ నుంచి మెమరీకి వెళ్లే దారి) మాత్రమే పోయింది. ఇప్పుడు చూడాల్సింది ప్రాసెసర్ కింద. ఏఎం5లో పిన్నులు ప్రాసెసర్‌కి ఉండవు, సాకెట్‌లో 1718 ఉంటాయి. మెమరీ ఛానెల్‌కి చెందిన ఒక్క పిన్ను వంగినా, ఒక పక్క సరిగ్గా ఆనకపోయినా అచ్చంగా ఇలాగే ఉంటుంది. కూలర్‌కి ఒక స్క్రూ పూర్తిగా బిగించాక రెండోది మొదలుపెడితే ఒత్తిడి ఒకవైపుకే పడుతుంది.

 కూలర్ తీసేముందు మెషీన్ కాసేపు నడిపితే ప్రాసెసర్‌కీ కూలర్‌కీ మధ్య ఉన్న పేస్టు మెత్తబడుతుంది, ఆ తర్వాత ఆపి కరెంటు తీసేయండి. మెలితిప్పుతూ తీయండి, నిలువుగా లాగొద్దు. ప్రాసెసర్ ఎత్తి, ఫోన్ లైటు ఏటవాలుగా వేసి నాలుగు వైపుల నుంచీ ఫొటోలు తీయండి. అన్ని పిన్నులూ ఒకే తీరుగా మెరవాలి. ఒక్కటి తేడాగా మెరిసినా అక్కడితో ఆగి ఫొటోతో సహా కొన్నచోటికి తీసుకెళ్లండి. సూదితో సరిచేయబోతే పక్క పిన్ను వంగుతుంది, వారంటీ కూడా చిక్కులో పడుతుంది.

బల్లమీదబోర్డు
దీన్ని ఒప్పుకుంటాను, ఛానెల్ తేడా దొరికాక బోర్డు తీయాల్సిన తొందర లేదు. కానీ పిన్నులు బాగుండి కూడా బి2 రాకపోతే తర్వాతి పని బోర్డు బయటకు తీయడమే. ఆ స్లాట్ వెనక ఏముందో చూడకుండా బోర్డు పోయిందని రిటర్న్ చేయొద్దు. అసలు లైటే వెలగని మెషీన్ అయితే మాత్రం నా మాట మారదు, బోర్డు మొదటే బయటికి రావాలి.

మల్టీమీటర్
కూలర్ తిరిగి పెట్టేటప్పుడు పాత పేస్టు పూర్తిగా తుడవండి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్ ఉంటే మంచిది. బఠాణీ గింజంత కొత్త పేస్టు చాలు. స్క్రూలు ఎదురెదురుగా, ఒక్కోదానికి రెండు చుట్లు చొప్పున.

గుంటూరు_బిల్డ్
పిన్నులన్నీ సమానంగానే మెరుస్తున్నాయి. కూలర్‌కి ఒక పక్క స్క్రూ చివరిదాకా బిగిసి ఉంది, రెండోది సగంలోనే ఉంది. పేస్టు కూడా ఒకవైపే నలిగింది. మల్టీమీటర్ గారు చెప్పినట్టు బిగించి, స్టిక్కులు ఏ2, బి2లో పెట్టి వదిలేస్తే నాలుగు నిమిషాలకు బయోస్‌లో 32 జీబీ కనిపించింది. తర్వాత ఎక్స్‌పో 6000 (మెమరీని ఎక్కువ వేగంతో నడిపే సెట్టింగు) ఆన్ చేస్తే తెర మళ్లీ నల్లబడింది, డీర్యామ్ లైటు మళ్లీ వెలిగింది. ఈసారి స్విచ్ ముట్టుకోలేదు, మూడు నిమిషాలకు దానంతటదే లేచింది.